విద్యకు పూచీ యెవరు?

భూమి గలవానికి ఋణము సులభము. విద్య గలవానికి దుర్లభము. ఇది మన దేశమున నిన్న నేడు పుట్టిన వింత గాదు. షావుకారు దస్తావేజు చూచి రూకలు లెక్కించుటయే గాని, పనివాని చేతులవంక చూచి లెక్కించిన కాలమును మనమెరుగము. షావుకారు సొమ్ము షావుకారుది. అతని భయములు అతనివి. కాని ప్రజలు దాచుకొన్న ధనముతో నడచుచు, ప్రభుత్వపు పూచీని వెన్నుదన్నుగా బొందిన బ్యాంకులును ఆ పాత దారినే త్రొక్కుట న్యాయమా? హైదరాబాదు నగరమున బాలానగరు పారిశ్రామిక ప్రాంతమునందు చిన్న శిక్షణ కంపెనీని పెట్టదలచిన ప్రతివాని నోటను వినవచ్చు ప్రశ్న యిది. దీనిని నేడు మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

బాలానగరు కూడలిని 2021వ సంవత్సరమున తెరచిన బాబూ జగ్జీవనరాము వంతెనమీదుగా దాటిపోవువారికి క్రింది రేకుల కొట్టములు కానరావు. వంతెన దిగి సందులలో నడచినచో లేతుల రొదయు, కోతనూనె వాసనయు, కాళ్ళ క్రింద ఇనుపరజనును ఎదురువచ్చును. ఈ పేటకు ఈ రూపము దానంతట వచ్చినది గాదు. 1968వ సంవత్సరమున భారత ప్రభుత్వము, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము, అంతర్జాతీయ కార్మిక సంస్థ యను వాని తోడ్పాటుతో ఇచ్చట సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అను విద్యాలయమును నెలకొల్పెను. అచ్చులు, మూసలు, బిగింపు పనిముట్లు రూపొందించు విద్యను అది నాటినుండి నేర్పుచునే యున్నది. హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారి కర్మాగారమును, ఐ.డి.పి.ఎల్. వారి మందుల కర్మాగారమును ఈ ప్రాంతముననే వెలసెను. ఐ.డి.పి.ఎల్. యంత్రములు నేడు తిరుగుట లేదు. అయినను అందు పనిచేసిన రసాయనికుల చేతులలోని విద్య గేటు దాటి బయటికి వచ్చి ఊరంతయు ప్రాకినది. అచ్చట కొన్ని యేండ్లు పనిచేసి వెలువడిన కల్లం అంజిరెడ్డిగారు 1984వ సంవత్సరమున డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించుట లోకవిదితము. కర్మాగారము మూతబడెను, అది నేర్పిన విద్య మాత్రము మూతబడలేదు. బాలానగరు ఆస్తి యెద్ది యని లెక్కించువారు నేల గజమొక్కింటికి ధర యెంత యని చూతురు. ఆ నేలకు ధర తెచ్చినది అచ్చటి పనివారు నేర్చిన విద్య యని మరతురు.

ఇట్టి విద్యను నేర్పుటయే వృత్తిగా బెట్టుకొన్న చిన్న సంస్థలు నేడు నగరమున అనేకములు. 1998వ సంవత్సరమున మాదాపురమున సైబరు టవర్సు లేచిన పిదప హైటెక్ సిటీ కంపెనీల అక్కరలను బట్టి అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్పు గదులు వీధివీధిని వెలసినవి. బాలానగరు, జీడిమెట్ల, కూకటుపల్లి ప్రాంతములలో యంత్రవిద్య నేర్పు కొట్టములు కలవు. పట్టా పుచ్చుకొని వచ్చిన బాలుడు నెలల తరబడి ఇట్టిచోట కూర్చుండి పని నేర్చిన పిమ్మటనే కంపెనీ గుమ్మము త్రొక్కుట మనమెరిగిన విషయము. కళాశాల నేర్పనిదానిని నేర్పుచున్న ఈ సంస్థలు లేనిచో పట్టాలకును కొలువులకును నడుమ గల అగాధమును దాటింప వేరొక పడవ లేదు. ఆ పడవను గట్టువానికి కలప కొనుటకు సొమ్మెవరిత్తురు?

ఒక యుదాహరణము చెప్పుకొందము. ఇరువదియైదేండ్లు అచ్చుల పనిలో ఆరితేరిన యొక నిపుణుడు తన విద్యను పదిమందికి నేర్పు కంపెనీ పెట్టదలచినాడనుకొనుడు. బాలానగరున నొక కొట్టము అద్దెకు గావలయును. కంప్యూటరున గీచిన పటమును బట్టి లోహమును చెక్కు సి.ఎన్.సి. యంత్రమొకటి, అదియు వాడినది, కావలయును. పది కంప్యూటర్లు, వానికి గీతపనుల సాఫ్టువేరు, అద్దె బయానా, ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరు మాసముల జీతము, కరెంటు ఖర్చు. అన్నియు కలిపి ఇరువది లక్షల రూపాయలు లెక్కకు వచ్చినవనుకొందము. ఇందు యంత్రము, కంప్యూటర్లు మాత్రమే కంటికి గనబడు వస్తువులు. మిగిలినదంతయు జీతముగను అద్దెగను కరగిపోవును. కాని కంపెనీని నిలువబెట్టునది ఆ కరగిపోవు సగమే.

అతడు బ్యాంకునకు బోవును. ఉద్యమ్ నమోదు పత్రము, అద్దె ఒడంబడిక, ఆదాయపు పన్ను కాగితములు, జి.ఎస్.టి. లెక్కలు, యంత్రమునకు వర్తకుడిచ్చిన ధరపట్టిక, రాబోవు మూడేండ్ల జమాఖర్చు అంచనా, పాత ఋణముల చరిత్ర, అన్నియు సమర్పించును. అధికారి మర్యాదగనే మాటలాడును, కాగితములు త్రిప్పిచూచును, చివరకు కన్నులెత్తి, “ఇల్లేమైన నున్నదా?” యని యడుగును. ఇల్లున్నచో ఋణమున్నది. ఇల్లు లేనిచో “పై యధికారులకు వ్రాయుదుము” అను మాట యున్నది. ఆ మాటకు అర్థమేమో అనుభవించినవారికి తెలియును.

అధికారిని మాత్రమే నిందించుట మా యుద్దేశము గాదు. శిక్షణ కంపెనీ ఇతర పరిశ్రమల వంటిది గాదను మాట నిజము. బోల్టులు చేయువాడు అప్పు తీర్చనిచో యంత్రమును, సరకును వేలము వేయవచ్చును. ఉపాధ్యాయుని వేలము వేయుటకు వీలులేదు. ఆయన మరునాడు వేరొక కంపెనీకి పోవును. సాఫ్టువేరు అనుమతి యేడాదికి ముగియును. కంప్యూటరు రెండేండ్లకు పాతబడును. పైగా ఇట్టి కంపెనీలకు రాబడి ఒక్కరీతిగా వచ్చునది గాదు. కాలేజీలు ముగిసిన వేసవిలో విద్యార్థులు గుంపులుగా వత్తురు. పిదప కొన్ని మాసములు బల్లలు ఖాళీగా నుండును. వచ్చినవారును రుసుమును వాయిదాలమీద చెల్లింతురు. ప్రభుత్వ పథకముల క్రింద నేర్పువారికి సొమ్ము విడతలుగా వచ్చును. మొదట కొంత, శిక్షితుడు పరీక్షలో నెగ్గిన పిదప కొంత, కొలువు దొరకిన పిదప కొంత. అద్దెయు జీతములును మాత్రము మాసము మాసము చెల్లింపవలసినవే. ఋణము కోరువాడు ఈ సంగతిని అంచనాలో దాచక చూపవలయును. ఇచ్చువాడు దీనిని బట్టి కిస్తులను సవరింపవలయును. ఇరుపక్షములవారును సంవత్సరమున పండ్రెండు సమానమైన కిస్తులు వ్రాసికొని, నాలుగవ మాసముననే చిక్కుబడుట ఎక్కువగా జరుగుచున్నది.

తాకట్టునకు బదులు పూచీ యను ఆలోచన ఇట్టివారి కొరకే పుట్టినది. జపానున 1937వ సంవత్సరముననే టోక్యో నగరమున చిన్న వ్యాపారుల ఋణములకు పూచీపడు సంస్థ ఏర్పడెను. అమెరికాలో 1953వ సంవత్సరమున నెలకొల్పబడిన చిన్న వ్యాపారముల శాఖ ఇట్టి పనినే ముఖ్యముగా బెట్టుకొన్నది. మన దేశమున 1960వ సంవత్సరమున భారత ప్రభుత్వము చిన్న పరిశ్రమల ఋణములకు పూచీ పథకమును రిజర్వు బ్యాంకు మూలమున ఆరంభించెను. తరువాత 2000వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమును, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకును కలిసి సి.జి.టి.ఎమ్.ఎస్.ఇ. యను పూచీ నిధిని స్థాపించిరి. సూక్ష్మ, చిన్న సంస్థలకు తాకట్టు లేకుండ, మూడవవాని జామీను లేకుండ బ్యాంకు ఋణమిచ్చినచో, అది వసూలు గానప్పుడు నష్టములో పెద్దపాలు ఈ నిధి భరించును. 2023వ సంవత్సరమున దీనికి 9,000 కోట్ల రూపాయల నూతన మూలధనమును కేటాయించిరి. 1 కోటి రూపాయల లోపు ఋణములకు పూచీ రుసుమును తగ్గించి కనీసపు రేటు నూటికి సాలున 0.37 చేసిరి; పూచీ పరిమితిని 2 కోట్లనుండి 5 కోట్లకు, 2025వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి 10 కోట్లకు పెంచిరి.

కోట్ల మాట వినగనే మన నిపుణునికి ఆశ కలుగును. అందుచేత ఈ పూచీ యెవరికో, దేనికో స్పష్టముగా తెలియుట యవసరము. పూచీ బ్యాంకునకు గాని ఋణగ్రస్తునకు గాదు. ఇరువది లక్షలు పుచ్చుకొన్నవాడు కొంత తీర్చి, 12 లక్షలు బాకీపడి చేతులెత్తెననుకొందము. నూటికి 75 వంతుల పూచీ యున్నచో నిధి బ్యాంకునకు 9 లక్షలు చెల్లింపవలసి వచ్చును. అదియు వెంటనే గాదు, బ్యాంకు వసూలునకు చట్టప్రకారము చర్య ఆరంభించిన పిదప మొదట కొంత, వ్యవహారము ముగిసిన పిదప మిగిలినది. ఋణగ్రస్తుడు మాత్రము ఆ 12 లక్షలకును బాధ్యుడుగనే యుండును. ప్రభుత్వము పూచీపడినది గనుక తీర్పనక్కర లేదని తలచువాడు తన్ను తాను మోసగించుకొనువాడు. పూచీ రుసుమును సాధారణముగా ఋణము పుచ్చుకొన్నవాడే యేటేట మోయును గాన దానిని వడ్డీతో గలిపి లెక్కించుకొనవలయును. తాకట్టు లేదనుటచే పెట్టుబడిలో తన పాలును లేదని యర్థము గాదు. కొంత సొమ్ము తన చేతినుండియు పెట్టవలసియే యుండును. సంస్థను నడపువాడు స్వయముగా బాధ్యతాపత్రమును వ్రాయవలసియే యుండును.

ఇక ముఖ్యమైన మాట. ఇంత చక్కని పథకమున చాలకాలము శిక్షణ సంస్థలకు చోటు లేకుండెను. నిబంధనలలో వ్యవసాయమును, స్వయంసహాయక సంఘములను, విద్యాసంస్థలను, వానితోబాటు శిక్షణ సంస్థలను పేరుపెట్టి వెలివేసిరి. బోల్టు చేయువానికి పూచీ కలదు. బోల్టు చేయుట నేర్పువానికి లేదు! ఒకవంక దేశమునకు నిపుణులు కావలయునని సభలలో ఘోషించుచు, వేరొకవంక నిపుణులను తయారుచేయువానిని పూచీకి అనర్హునిగా వ్రాసిన ఈ వైపరీత్యము చాలమంది కంటబడలేదు. విద్య ధర్మకార్యము గాని వ్యాపారము గాదను పాత భావము దీనికి మూలము కావచ్చును. కాని నేర్పువానికి కూలి లేనిది విద్య నిలువదు. ఇట్టి నిబంధనలు కాలక్రమమున సవరింపబడుచుండును. కావున శాఖాధికారి నోటిమాటగా “మీ పనికి వర్తింపదు” అనినచో దరఖాస్తుదారుడు తలవంచి వెనుకకు రారాదు. ఏ నిబంధన ప్రకారము, ఏ తేదీనాటి ఉత్తరువు ప్రకారము వర్తింపదో వ్రాతమూలముగా గోరుట అతని హక్కు. ఆ వ్రాత చేతికి వచ్చిన పిదపనే పై యధికారికి మొరపెట్టుకొనుటకు ఆధారము దొరకును.

పెద్ద ద్వారము తెరువబడనిచో చిన్న ద్వారములు కలవు. 2010వ సంవత్సరమున రిజర్వు బ్యాంకు, సూక్ష్మ, చిన్న సంస్థలకిచ్చు 10 లక్షల రూపాయల లోపు ఋణములకు బ్యాంకులు తాకట్టు గోరరాదని ఆదేశించెను. 2015వ సంవత్సరము ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకమున 50,000 రూపాయలవరకు శిశు, 5 లక్షలవరకు కిశోర, 10 లక్షలవరకు తరుణ యను తరగతులు ఏర్పడెను. తరుణ ఋణమును సక్రమముగా తీర్చినవారికి 20 లక్షలవరకు నొసంగుటకు 2024వ సంవత్సరమున నిర్ణయించిరి. 2008వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమున, 2022 సవరణ ప్రకారము, సేవావృత్తులలో క్రొత్తగా బెట్టు సంస్థకు 20 లక్షల రూపాయల పెట్టుబడివరకు అవకాశమిచ్చిరి. అందు పట్టణములలో సామాన్యులకు నూటికి 15, స్త్రీలకును వెనుకబడిన వర్గములకును 25 వంతుల సహాయధనము నిర్ణయించిరి. ఇల్లు లేదని నిరాశ చెందిన మన నిపుణుడు ఒక్కసారిగా ఇరువది లక్షలకు బోక, మొదట కంప్యూటర్లతో గీతపని నేర్పు గదిని పది లక్షలలో ఆరంభించి, ఏడాది లెక్కలు నిజాయితీగా వ్రాసి, పిదప యంత్రమునకు బోవుట వివేకము. చిన్న ఋణమును తీర్చిన చరిత్రకు మించిన దస్తావేజు లేదు.

కాని ఆదేశము కాగితముపై నుండుట వేరు, శాఖ బల్లవద్ద అమలగుట వేరు. 10 లక్షల లోపు ఋణమునకును “ఏదైన నొక భరోసా యుంచిన మంచిది” యని సూచించు నోళ్ళు నేటికిని మూతబడలేదు. పూచీ యుండగా ఇట్లేల? ఋణము చెడినచో వ్రాతకోతలు, విచారణలు, సంజాయిషీలు అధికారి తలపై బడును. ఋణమీయకున్నచో అతని నెవరు నడుగరు. దండన ఒకవైపుననే యున్నంతకాలము మనుష్యుడు ఆ వైపునుండి తొలగి నడచును. ఇది నీతి లోపము గాదు, ఏర్పాటు లోపము. ఇచ్చిన ఋణములతోబాటు త్రోసివేసిన దరఖాస్తులకును కారణములు లెక్కవ్రాయించి యేటేట ప్రకటింపజేసిననే గాని ఈ త్రాసు సమము గాదు.

ఇచ్చట తెలుగువారి చరిత్రనుండి ఒక జ్ఞాపకము చేయుట యుక్తము. 1910వ సంవత్సరమున మచిలీపట్నమున కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పుస్తకవిద్యతోబాటు చేతిపనులును యంత్రవిద్యయు నేర్పుట దాని సంకల్పము. దాని పోషణ కొరకు హనుమంతరావుగారు 1922వ సంవత్సరమున కన్నుమూయువరకు ఊరూర తిరిగి విరాళములు సేకరించిరి. పూచీ యిచ్చు ప్రభుత్వము లేదు.  1923వ సంవత్సరము నవంబరున ఆ పట్నముననే పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. చెల్లించిన మూలధనము 1 లక్ష రూపాయలు. విద్యాలయమును బెట్టిన చేతులే బ్యాంకునుగూడ బెట్టుట యాదృచ్ఛికము గాదని మేము తలంతుము. నేర్చిన పనివానికి పెట్టుబడి దొరకనిచో నేర్పిన శ్రమ నిష్ఫలమని వారెరుగుదురు. హైదరాబాదు సంస్థానమున నిజాము ప్రభుత్వమును 1929వ సంవత్సరమున పారిశ్రామిక నిధిని ప్రత్యేకించి పరిశ్రమలకు పెట్టుబడి యొసగెను. 1941వ సంవత్సరమున హైదరాబాదు స్టేట్ బ్యాంకును నెలకొల్పెను.

నేడు ఆ రెండు బ్యాంకుల పేరులును లేవు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017వ సంవత్సరమున భారతీయ స్టేట్ బ్యాంకులో గలిసెను. ఆంధ్రా బ్యాంకు 2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీని యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. విలీనముచే బలము కలిగినదందురు, కాదనము. కాని ఋణమును నిర్ణయించువాడు దరఖాస్తుదారునికి దూరమగుచున్నాడు. వీధిని నడచి కొట్టమును జూచి, లేతుముందు నిలిచిన గురువును, చుట్టుమూగిన శిష్యులను కన్నులార గాంచినవాడు వ్రాయు నివేదికకును, కంప్యూటరు పటలమున అంకెలను మాత్రమే జూచువాని తీర్పునకును భేదము కలదు. మచిలీపట్నపు పెద్దలు నేర్పిన పాఠమిదియే: విద్యను గుర్తెరిగినవాడే విద్యకు అప్పు పెట్టగలడు.

ప్రభుత్వము తన పాలిటి దోషమును గూడ గ్రహింపవలయును. శిక్షణ కంపెనీలకు బాకీపడువారిలో ప్రభుత్వ శాఖలును పెద్ద కంపెనీలును తక్కువవారు గారు. ఆరు మాసముల క్రిందట ముగిసిన శిక్షణకు సొమ్ము రాక, ఉపాధ్యాయుల జీతమునకై వడ్డీవ్యాపారిని ఆశ్రయించువారు కలరు. 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, ఇట్టి చిన్న సంస్థ సరకునకు గాని సేవకు గాని కొనువాడు 45 దినములకు మించకుండ చెల్లింపవలయును. మించినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ నియ్యవలయును. దీనికై మొరవినుటకు మండలులను గూడ చట్టము ఏర్పరచినది. కాని తన కన్నము పెట్టు కొనుగోలుదారునిపై మొరపెట్టుకొని మరునాడు మరల పని దొరకించుకొనగల చిన్నవాడెవడు? కుడిచేత పూచీ యిచ్చి ఎడమచేత బాకీ నిలుపుట ప్రభుత్వమునకు తగదు. సకాలమున చెల్లించిన బిల్లు పది పథకములకు సాటి.

ఇంతవరకు ఇచ్చువారి తప్పులు చెప్పితిమి. పుచ్చుకొనువారు నిర్దోషులని చెప్పుట సత్యమునకు ద్రోహము. “నూటికి నూరుమందికి ఉద్యోగము” అని గోడలపై వ్రాసి, రుసుము వసూలైన పిదప తలుపునకు తాళము వేసినవారిని ఈ నగరమెరుగును. 2015వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస యోజనపై కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు వారి నివేదిక 2025వ సంవత్సరము డిసెంబరున పార్లమెంటు ముందునకు వచ్చెను. శిక్షితుల వివరములలో బ్యాంకు ఖాతా గడి అత్యధికాంశమున శూన్యముగనో, అర్థములేని అంకెలతోనో యుండెనని అందు బయల్పడెను. ఇట్టి లెక్కలను జూచిన బ్యాంకు అధికారి శిక్షణ కంపెనీ పేరు వినగనే అనుమానించుట వింతయా? ఒక్కడు చేసిన మోసము నూర్గురు నిజాయితీపరుల తాకట్టుగా మారుచున్నది. శిక్షణ కంపెనీకి లెక్కలపుస్తకమే ఆస్తి. ఎందరు చేరిరి, ఎందరు నడుమ మానిరి, ఎందరు పరీక్ష నెగ్గిరి, ఎచ్చట ఎంత జీతమునకు కుదిరిరి, ఏడాది తరువాత ఎందరు నిలిచిరి. ఈ యైదు అంకెలను దాపరికము లేకుండ వ్రాసి, కోరినవారికి జూపగల సంస్థకు ఇంటి దస్తావేజు అక్కర లేని దినము రావలయును.

“ప్రజల సొమ్మును గాలికి అప్పీయుమందురా?” యని యడుగువారు కలరు. విద్య గాలి గాదు. చిన్నపరిశ్రమల వారికి శిక్షణమిచ్చుటకై 1960వ సంవత్సరమున ఢిల్లీలో పుట్టి, 1962లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ నేటికిని యూసఫ్‌గూడలో నడచుచున్నది. దాని తోడ్పాటుతో 1964వ సంవత్సరమున అమెరికా మనశ్శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండు కాకినాడ వర్తకులకు కొలది దినముల శిక్షణమిప్పించి, పిదప కొన్నియేండ్లు వారి వ్యవహారములను పరిశీలించెను. శిక్షణము పొందినవారు పొందనివారికంటె క్రొత్త వ్యాపారములకు ఎక్కువగా పూనుకొనిరని 1969వ సంవత్సరమున సహచరునితో గూడి గ్రంథరూపమున ప్రకటించెను. నేర్పిన విద్య రూపాయిగా మారునని చూపుటకు మనకు విదేశపు సాక్ష్యమక్కర లేదు. సాక్ష్యము కాకినాడదే, బాలానగరుదే.

కాన మేము కోరునవి నాలుగు. శిక్షణ సంస్థలకు పూచీ వర్తించునను మాటను ప్రతి బ్యాంకు శాఖలోను తెలుగున వ్రాసి గోడపై నంటింపవలయును. తాకట్టు గోరరాదను చోట కోరిన అధికారిపై విచారణ జరుగవలయును. కిస్తులను విద్యార్థుల రాకడను, ప్రభుత్వ విడతలను బట్టి యమర్పవలయును. శిక్షణకు బాకీపడిన ప్రభుత్వ శాఖలు 45 దినముల గడువును తామే మొదట పాటింపవలయును. వీనిలో దేనికిని క్రొత్త చట్టమక్కర లేదు. క్రొత్త ధనమక్కర లేదు. ఉన్న మాటను నిలుపుకొను పట్టుదల చాలును.

నిపుణులగు సోదర సోదరీమణులకును ఒక్కమాట. ఋణము భిక్ష గాదు, బహుమానము గాదు. అది మీ విద్యపై దేశముంచిన నమ్మకము. దానిని కోరుటకు సిగ్గుపడవలదు, తీర్చుటకు జాగుసేయవలదు. నేడు బాలానగరు సందులో నొక గురువు శిష్యుని చేతిని పట్టి లోహముపై మొదటి గీత గీయించుచున్నాడు. ఆ గీత తప్పినచో లోహము పాడగును; సరిగా బడినచో ఒక కుటుంబము నిలువబడును. ఆ చేతిని నమ్మి పూచీపడుటకు జాతి వెనుదీయరాదు.